అరువిచ్చిన చుక్కాని

ముత్యాల నది పాయమీది ఆ ఊళ్లో ముందు డ్రాగన్ తల చెక్కిన పందెపు పడవకు చుక్కాని పట్టేవాడు లోక్ హింగ్. మలుపులో వేగం తగ్గకుండా తిరగాలని ఆ ఏడు అంచు వంచి రెండు కొత్త చుక్కానులు చెక్కి, గోనెలో దాచాడు.

తుది పందెం ముందర పొరుగూరి పోటీ పడవ నడిపే కామ్ సూయ్ చుక్కాని విరిగింది. లోక్ తన రెండోది అందించాడు.

"మతి పోయిందా బావా? గుట్టంతా వాడి చేతిలో పెట్టావే!" అని తమ పడవలో తెడ్ల తాళానికి భేరి వాయించే యాన్ అరిచాడు.

"చుక్కాని లేనివాణ్ని గెలిస్తే బాతుల్ని గెలిచినట్టేరా. నువ్వు డప్పు కొట్టు, నా బుర్ర కాదు."

నిరాయుధుణ్ణి కొట్టరాదన్న ధర్మాన్ని అతనికి నీళ్లే నేర్పాయి.

మలుపులో రెండు పడవలూ సరిసమానంగా తిరిగాయి. చివరికి డ్రాగన్ మీసమంత తేడాతో కామ్ పడవే గెలిచి, బహుమానమైన కాల్చిన పందిని పట్టుకుపోయింది.

సాయంకాలం కామ్ చుక్కానితోపాటు సగం పందినీ మోసుకొచ్చాడు. "తిట్టనంటే చెబుతా మావా. పందేనికి ముందు తిప్పి చూస్తే ఇది నీటిని పట్టేసి పడవను వెనక్కి లాగుతోంది. అంచు కాస్త చిత్రిక పట్టాను."

లోక్ ఆ అంచుమీద బొటనవేలు నడిపాడు. కామ్ చెప్పింది నిజమే.

"దొంగవెధవా, అప్పుడే చెబితే నాదీ సరిచేసుకునేవాణ్ని కదరా!" అని నవ్వుతూ తన చుక్కానినీ చిత్రికనూ అతని ముందు పెట్టాడు. "ఎంత తీశావో చూపించు. తిండి తర్వాత."