పై వరస గొళ్ళేలు

గొళ్ళెం కనబడితే ఇప్పుడు రెండుసార్లు లాగి చూస్తాను. మా ఇంటి తలుపుది వేసేటప్పుడు కూడా.

సైన్యంలో మెకానిక్‌గా చేసి, మా ఊరు దర్శి తిరిగొచ్చి, కొన్నాళ్ళు మిరప వేశాను. చేను మీద మనసు విరిగి నల్లపాడు దగ్గర ఒక షెడ్డులో చేరాను. జవాన్లను మోసుకెళ్ళే పాత ఇనప బళ్ళున్నాయి, వయసులో నాకు అన్నలవుతాయి. వాటిని పారేయకుండా కొత్త ఇంజన్లూ కెమెరాలూ బిగించి ఇంకొన్నేళ్ళు నడిపించాలని పైవాళ్ళ ఆలోచన. అందులో తప్పేం లేదు, ఆ ఇనుము గట్టిది. మా షెడ్డు దాకా వచ్చిన పని మాత్రం చిన్నది. డ్రైవరు తల మీదుండే మూత గొళ్ళేల్లో అరిగిన స్ప్రింగూ పిన్నూ తీసేసి కొత్తవి వెయ్యాలి. బండి అంటుకుంటే డ్రైవరు ఒంటి చేత్తో ఆ గొళ్ళెం లాగి బయటపడాలి. లాగలేకపోతే లోపలే కాలిపోతాడు. మా అన్న కొడుకు అలాంటి బండికే డ్రైవరు.

షెడ్డు ఓనరు మునుపు మిర్చి వ్యాపారం చేసినవాడు. గొళ్ళేలు పెట్టెల్లో సర్దే రోజున నా దగ్గరికొచ్చాడు.

"పై వరసకి కొత్త సామాను వేశారుగా, చాలు. కింద వాటికి రంగు కొట్టేయండి."

"పిన్నులు అరిగిపోయాయండీ. వేడెక్కితే పట్టేస్తాయి."

"మీరు దర్శి వాళ్ళేగా? టిక్కీ తొక్కడం మీకు నేను నేర్పాలా?"

నిజమే మరి. గుంటూరు మిర్చి యార్డుకి తెచ్చిన ప్రతి టిక్కీలోనూ, అంటే మిరప బస్తాలో, అడుగున రంగు పోయిన తాలు కాయలు తొక్కి, పైన నిగనిగలాడే ఎర్రకాయ పరిచినవాణ్ణే నేను. అక్కడ అది దాదాపు మర్యాద. కొనేవాడికీ తెలుసు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు కాయ లాగి, మన మొహం మీదే తుమ్ముతాడు. మిలిటరీ తనిఖీకొచ్చే ఆయన కూడా అలాగే చెయ్యి దూరుస్తాడులే, దొరికిపోతే ఓనరే చూసుకుంటాడులే అనుకున్నాను. అలా అనుకునే బ్రష్షు పట్టుకున్నాను. పచ్చరంగు తుప్పు మీద ఎంత చక్కగా కూర్చుందంటే, నా పనితనానికి నేనే ముచ్చటపడ్డాను. తలచుకుంటే రోత పుడుతుంది.

తనిఖీ ఆయన వచ్చాడు. నిమ్మసోడా తాగుతూ ప్రతి పెట్టెలోనూ పై వరసలోంచి రెండు గొళ్ళేలు తీశాడు, టకటకలాడించాడు, బాగున్నాయన్నాడు. ఒక్క పెట్టెలోనైనా చెయ్యి కిందికి పోనివ్వలేదు. సోడా మరక పడ్డ కాగితం మీదే సంతకం చేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఒక్క పెట్టె బోర్లిస్తే సరిపోయేది. బోర్లించలేదు సరికదా, ఆయన వదిలేసిన మూతలన్నీ నేనే పెట్టి మేకులు కొట్టాను. ఆయన్నీ ఓనర్నీ చాలా రోజులు తిట్టుకున్నాను. ఇద్దరి కంటే నీచుణ్ణి నేను, ఎందుకంటే ఆ గొళ్ళెం దేనికో, రంగు కింద ఏముందో, రెండూ ముగ్గురిలో నాకొక్కడికే తెలుసు.

మొన్న అన్న కొడుకు ఫోన్ చేశాడు.

"బాబాయ్, మా బళ్ళు బాగై వచ్చాయి. లోపలంతా కొత్త రంగు వాసనే!"

"మూత ఎలా వస్తోందిరా?"

"రెండు చేతులూ వేసి గుంజాలి బాబాయ్. కొత్త గొళ్ళెం కదా, వాడగా వాడగా అదే వదులవుతుందిలే."

"అది కొత్తది కాదురా. ఎక్కొద్దు. మీ పైవాళ్ళకి చెప్పి ఇప్పుడే విప్పించు."

"నీకెలా తెలుసు?"

రంగు వేసింది నేనేనని చెప్పాను.

"ఎన్నిటికి వేశావు?" అన్నాడు. ఈసారి బాబాయ్ అనలేదు.