డేగకన్ను చూడని చుక్క

బట్టల మిల్లులో ముప్పై ఏళ్ళు తనిఖీ బల్ల దగ్గర నిలబడ్డ మనిషి ఆవిడ. రోలరు మీద పరుగెత్తే గుడ్డలో తెగిన పోగు కనబడగానే ఆపాలి, అదీ పని. మిల్లంతా ఆవిణ్ణి డేగకన్ను అనేది. ఆ పేరు వింటే మాత్రం ఆవిడ మనసు చివుక్కుమనేది. ఎందుకంటే సగంసార్లు ఆవిడకేమీ కనబడేది కాదు. చెయ్యి దానంతటదే వెళ్ళి రోలరు ఆపేసేది. "కనిపించిందా?" అని సూపర్‌వైజరు అడిగితే "ఆఁ, కనిపించింది" అనేసేది. వెతికితే లోపం దొరికేది. అదృష్టం కొద్దీ నెట్టుకొచ్చాను, ఉద్యోగమంతా అబద్ధమే అన్న దిగులు రిటైరయ్యాక కూడా వదల్లేదు.

మేనకోడలు యూనివర్సిటీలో కంప్యూటర్ల మీద పరిశోధన చేస్తోంది. ఒక మధ్యాహ్నం అత్తను తన ప్రయోగానికి కూర్చోబెట్టింది. తెర మీద నాలుగు గడులు. ఒకదానిలో కంటికి ఆనని వేగంతో చుక్క మెరిసి మాయమవుతుంది. ఏ గడిలో మెరిసిందో ఆ గడి నొక్కాలి.

పావుగంటైనా అత్త ఒక్కటీ నొక్కలేదు.

"ఏంటత్తా, నిద్రపోయావా?"

"ఏమీ కనబడటం లేదే! చూడకుండానే చూసినట్టు నొక్కమంటావా? ఈ వయసులో కూడా అబద్ధమేనా?"

"కనబడకూడదనే అంత వేగంగా పెట్టాను. చేతికేది తోస్తే అది నొక్కు."

ముఖం మాడ్చుకునే నొక్కింది, గాలిలో దీపం పెట్టి దేవుడా నీవే దిక్కు అన్నట్టు, రెండొందలసార్లు.

మేనకోడలు లెక్క చూసి అత్త వైపు తిరిగింది. "సగంసార్లు కంప్యూటర్ ఒక గడి ఎంచుకుంది గానీ చుక్క చూపించలేదు. అక్కడ నీకు నాలుగింట ఒకటే తగిలింది. గుడ్డిగా నొక్కితే ఎవరికైనా అంతే. చుక్క వేసినచోట మాత్రం నాలుగింట మూడు సరిగ్గా నొక్కావత్తా!"

"నాకేం కనబడలేదే."

"నీకు తెలిసేలా కనబడలేదు. నీ చేతికి తెలిసింది. ఒక్క మనిషితో ఏదీ రుజువైపోదనుకో, ఇంకా నలభై మందిని కూర్చోబెట్టాలి."

అత్త తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. ఒంట్లో ఇంత వింత పెట్టుకుని ఇన్నేళ్ళూ సిగ్గుపడ్డానే అనుకుంది.

"అయితే, ఆ సూపర్‌వైజరుకి నేను చెప్పింది అబద్ధం కాదా?"

"కాదేమోనత్తా."

"ఇంకోసారి పెట్టు."

తెర వెలిగింది. ఆవిడకేమీ కనబడలేదు. వేలు వెళ్ళి ఒక గడి నొక్కింది.

"కనిపించింది," అంది ఆవిడ, మొదటిసారి భయం లేకుండా.