నిచ్చెనకు మేము పెట్టిన స్లిప్ టెస్టులు

ఈ సంగతిని కాగితం మీద పెట్టక తప్పని పరిస్థితి వచ్చింది. మొన్న ఆస్ట్రేలియాలోని టూవూంబాలో మనవాళ్ల బార్బీ (ఆరుబయట మాంసం కాల్చుకుని తినే విందు) జరిగితే, డాక్టర్ అంకుల్ పొయ్యి మీద చికెన్ ముక్కలు తిప్పుతూ ఒక కథ చెప్పారట. అదే కథను లెక్చరర్ అంకుల్ సిడ్నీ దగ్గర గిరావీన్‌లో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్లి ఇంకో రకంగా చెప్పారట. మొదటి కథలో లెక్చరర్ అంకుల్ లేరు, రెండో కథలో డాక్టర్ అంకుల్ లేరు, రెండింటిలోనూ నేను లేను. అసలు జరిగింది దగ్గరుండి చూసినవాళ్లం నలుగురమే. అందులో పుస్తకాలు చదివే అలవాటున్నది నాకొక్కడికే కాబట్టి రాసే బాధ్యత కూడా నాదేనని తీర్మానించుకున్నాను. (తీర్మానాన్ని ఎవరూ బలపరచలేదు. అడ్డు చెప్పినవాళ్లూ లేరు.)

ఆ రోజుల్లో మనిషికి తెలియనిది ఏదైనా ఉందంటే అది అతను ఇంకా తెరవని పుస్తకంలో ఉందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. కడప జిల్లాలో మా ఊరి శాఖా గ్రంథాలయం బల్లల మీద పెరిగిన ప్రాణం మరి. సైకిల్ పంక్చర్ వేయడం, పాలు పితకడం, ఇంగ్లీషు మాట్లాడడం అన్నీ ముందు చదివి, తరువాతే చేశాను. ఈత కూడా అలాగే నేర్చుకున్నాను. నీళ్లలో దిగాక మూడో అధ్యాయం గుర్తుకు రాకపోవడంతో గట్టు మీదివాళ్లు జుట్టు పట్టుకుని లాగవలసి వచ్చింది, అది వేరే విషయం. ఇరవై మూడేళ్ల వయసులో మాస్టర్స్ చదవడానికి టూవూంబా యూనీకి (యూనివర్సిటీని అక్కడ అలాగే అంటారు) వచ్చినప్పుడు నాకు ఆ కొండ మీది ఊళ్లో కారు లేదు, స్నేహితులు లేరు, లైబ్రరీ కార్డు మాత్రం దిగిన రెండో రోజే వచ్చింది.

నన్ను చేరదీసింది ఇద్దరు అంకుల్స్, ఒక ఆంటీ. డాక్టర్ అంకుల్‌ది గుంటూరు, ఊరి ఆసుపత్రిలో ఎముకల డాక్టరు. ఆంటీ ఆయన భార్య, అక్కడే నర్సు. లెక్చరర్ అంకుల్‌ది వరంగల్, మా యూనీలోనే లెక్కలు చెప్పేవారు. ప్రతి శనివారం ఆర్వో, అంటే అక్కడి భాషలో మధ్యాహ్నం పూట, ఈ ముగ్గురూ యూనీ బాస్కెట్‌బాల్ జట్టు ఆట చూడడానికి వచ్చేవారు. మొత్తం నలభై మంది ప్రేక్షకులుంటే అందులో ముప్ఫై ఏడుగురు చేసే చప్పుడు కంటే వీళ్ల చప్పుడే ఎక్కువ, ఎందుకంటే డాక్టర్ అంకుల్ ఇంటి నుంచి స్టీలు పళ్లెం, గరిటె తెచ్చుకునేవారు. ఆట మధ్యలో ఒక వాదన నడిచేది. నిజం చెప్పాలంటే వాదన మధ్యలో అప్పుడప్పుడు ఆట నడిచేది.

వాదన ఒక్కటే. జట్టు గెలవాలంటే మంచి ఆటగాళ్లను ఏరి తెచ్చుకోవాలా, వచ్చినవాళ్లను మంచి ఆటగాళ్లుగా తయారు చేసుకోవాలా? మన ఇంటర్ కాలేజీల ర్యాంకుల గొడవ తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు.

“ర్యాంకు వచ్చేవాణ్ణి చేర్చుకుంటేనే ర్యాంకు వచ్చేది. రిక్రూట్‌మెంట్‌లోనే సగం గేమ్ అయిపోద్ది లెక్చరర్ గారూ,” అనేవారు డాక్టర్ అంకుల్.

“ఊకో డాక్టర్ సాబ్. తయారైనోణ్ని తెచ్చుకొని, మేమే తయారుజేసినమని బోర్డు పెట్టుకునుడు గూడ గొప్పేనా? సాదా పోరన్ని పట్టుకొచ్చి ర్యాంకు దెప్పియ్యి, అప్పుడు మాట్లాడు.”

“ఏడడుగుల వాణ్ణి మీరెట్టా తయారు చేస్తారండీ? సాగదీస్తారా?”

తీర్పు చెప్పమని నా వైపు తిరిగేవారు. నేను అప్పటికే లైబ్రరీలో బాస్కెట్‌బాల్ మీద ఉన్న ఆరు పుస్తకాలూ సూచికతో సహా చదివేశాను కాబట్టి నాకు ‘లైబ్రరీ’ అని పేరు కూడా పెట్టారు. నా తీర్పులు చాలా నిష్పక్షపాతంగా ఉండేవి. ఆంటీ గోంగూర పచ్చడి పంపిన వారం ఆటగాళ్లను ఏరి తెచ్చుకోవడం గొప్పదని, లెక్చరర్ అంకుల్ కారులో దింపిన వారం శిక్షణ గొప్పదని సాక్ష్యాధారాలతో నిరూపించేవాణ్ణి. బంతిని మాత్రం అప్పటికి చేత్తో పట్టుకుని ఎరగను.

అలాంటి రోజుల్లో జట్టులోకి నిచ్చెన వచ్చాడు. ఆ పేరు ఆంటీ పెట్టింది. పశ్చిమాన గోధుమ పొలాల మధ్య నుంచి వచ్చిన రైతుబిడ్డ, మా హాస్టల్లో నా పక్క గది. తలుపులోంచి రావాలంటే నమస్కారం పెడుతున్నట్టు వంగేవాడు. డాక్టర్ అంకుల్ అతణ్ణి చూసిన రోజున ఆనందంతో పళ్లెం సొట్టపెట్టారు. “చూశారా, ఇదీ రిక్రూట్ అంటే!” అన్నారు. ఆ ఆనందం సరిగ్గా రెండు వారాలు నిలిచింది. ప్రత్యర్థి తోసినప్పుడు ఆటగాడికి ఎవరూ అడ్డం రాకుండా గీత దగ్గర నిలబడి వేసుకునే అవకాశం ఇస్తారు, దాన్ని ఫ్రీ త్రో అంటారు. అంత సులువైన దాన్ని నిచ్చెన వేస్తే బంతి ఒకసారి బుట్ట పలక వెనక్కి పోయింది, ఒకసారి గడియారానికి, ఒకసారి రెఫరీకి తగిలింది. ఈ సంగతి కనిపెట్టిన అవతలి జట్లు కావాలనే అతణ్ణి తోయడం మొదలుపెట్టాయి.

జట్టు కోచ్ గట్టి గొంతున్న ఒక లావుపాటి ఆవిడ. మేం ఆమెను కోచమ్మ అనేవాళ్లం. పన్నెండు చొక్కాలే ఉన్నాయని, కుర్రాళ్లు పదమూడుగురని, సీజన్ ముందు జరిగే ఆఖరి ప్రాక్టీసు మ్యాచ్ నాటికి ఫ్రీ త్రోలు బాగుపడకపోతే పదమూడోవాడు నువ్వేనని ఆవిడ నిచ్చెనకు చెప్పేసింది. ఆ సాయంత్రం హాస్టల్ వంటగదిలో అతను నిలబడే నూడుల్స్ తింటూ నాతో అన్నాడు (తర్జుమా నాది): “జట్టులో ఉన్నంతకాలమే ఊళ్లో ఉండనిస్తానన్నాడు నాన్న. తీసేస్తే చదువూ లేదు, ఏమీ లేదు, వెళ్లి కోతమిషను ఎక్కడమే. అందులో నా తల పైకప్పుకు తగులుతుంది.”

నాకు జాలి వేసింది. జాలి వేసినప్పుడల్లా నేను లైబ్రరీకి వెళతాను. ఆ ఆరు పుస్తకాల్లో అతి పాతదానిలో, మోకాళ్ల దాకా మేజోళ్లు వేసుకున్న మీసాలాయన బంతిని రెండు చేతులతో కాళ్ల మధ్య నుంచి పైకి విసురుతున్న బొమ్మ ఉంది. ఫ్రీ త్రోకు ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదని కింద రాసి ఉంది. ఆ పేజీ తీసుకుని నేరుగా అంకుల్స్ దగ్గరికి పోయాను. ఒక్క విషయంలో వాళ్లిద్దరూ ఏకమవడం అదే మొదటిసారి. తాను మెచ్చిన రిక్రూట్ పరువు దక్కాలని డాక్టర్ అంకుల్, శిక్షణ గొప్పదనం చూపించాలని లెక్చరర్ అంకుల్ రంగంలోకి దిగారు.

“నెల రోజులున్నయ్. సిలబస్ ఇంతే గదా? కొట్టిపారేద్దాం,” అన్నారు లెక్చరర్ అంకుల్.

మరునాటికి టైంటేబుల్ గోడెక్కింది. పొద్దున ఆరింటికి స్టడీ అవర్. సోమ, గురువారాల్లో స్లిప్ టెస్టు, ఆదివారం గ్రాండ్ టెస్టు. నిచ్చెనకు ఫోటోతో హాల్ టికెట్ కూడా ఇచ్చారు. (అతను దాన్ని చాలాకాలం పర్సులో దాచుకున్నాడు.) పొగమంచులో వణుక్కుంటూ యూనీ జిమ్‌కు వెళ్లి, మేం ముగ్గురం కోర్టు పక్కన మూడు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని స్వెటర్లలో చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లం. పరీక్ష పరీక్షలాగే జరగాలి. దగ్గు వస్తే బయటికి పోవాలి. సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. ఒకసారి బంతి దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికి వస్తే అందించబోయాను.

“ఏయ్ లైబ్రరీ! ఏం జేస్తున్నవ్?” లెక్చరర్ అంకుల్ కుర్చీలోంచి సగం లేచారు. “పిల్లగాని పేపరు ఇన్విజిలేటర్ ముట్టుకుంటడా? మాల్‌ప్రాక్టీస్ అయితది!”

నేను చేయి వెనక్కి తీసుకున్నాను. నిచ్చెన పరుగెత్తుకొచ్చి తనే తీసుకుపోయాడు. పడ్డా, పడకపోయినా బంతి అతనే తెచ్చుకోవాలన్నది ఆ రోజు నుంచి నిబంధన అయింది. నేను ఒళ్లో పుస్తకం పెట్టుకుని, బొమ్మకూ నిచ్చెన మోచేతులకూ తేడాలు రాసుకునేవాణ్ణి. మొదటి వారం పదికి ఒకటి పడింది. రెండో వారం మూడు. మూడో వారం ఐదు. నాలుగో వారం గ్రాండ్ టెస్టులో పదికి ఏడు పడేసరికి డాక్టర్ అంకుల్ సంతోషం ఆపుకోలేక బయటికి పరుగెత్తి, అక్కడ అరిచి, మళ్లీ లోపలికి వచ్చి కూర్చున్నారు.

ఆ ఆదివారం ఆంటీ ఇడ్లీలు తెచ్చింది. కాసేపు చూసి అడిగింది. “ఏవండీ, ఇంత సైలెంట్‌గా ఎక్కడాడతారు మ్యాచి? అక్కడ గోల చేసేది మీరే కదా?”

“నీకు తెలీదులే, ఇది కాన్సంట్రేషన్,” అన్నారు అంకుల్. నేను కూడా ఏకాగ్రత గురించి ఒక పేరా అప్పజెప్పాను. ఆంటీ నా వైపు జాలిగా చూసి ఇంకో ఇడ్లీ వేసింది.

మ్యాచ్ రోజు రానే వచ్చింది. బ్రిస్బేన్ నుంచి జట్టుతో పాటు వాళ్ల వాళ్లు బస్సు నిండా దిగారు. నిచ్చెనకు పెరుగులో పంచదార కలిపి తినిపించి పంపాం. మొదటి ఫ్రీ త్రోకు అతను బంతిని కాళ్ల మధ్య నుంచి విసరగానే హాలంతా గొల్లుమంది. నవ్వులు, ఈలలు, కాళ్లతో చెక్కలు తన్నడం. నెలరోజులుగా గోడగడియారం తప్ప మరో చప్పుడు వినని నిచ్చెన ఉలిక్కిపడి మా వైపు చూశాడు. ఆ చూపులో “ఇది సిలబస్‌లో లేదు” అని రాసి ఉంది. ఆట చివరికొచ్చేదాకా నాలుగు వేస్తే నాలుగూ పోయాయి.

ఆఖరికి కొన్ని క్షణాలు మిగిలాయి. మనవాళ్లు ఒక్క పాయింటు వెనక. సరిగ్గా అప్పుడే నిచ్చెనను తోశారు. రెండు ఫ్రీ త్రోలు. హాలు హోరెత్తిపోతోంది. లెక్చరర్ అంకుల్ ఇక తట్టుకోలేక లేచి నిలబడి, ఇరవై ఏళ్లు పరీక్ష హాళ్లను గడగడలాడించిన గొంతుతో “సైలెన్స్! నో టాకింగ్ ఐ సే!” అని గర్జించారు. బ్రిస్బేన్ వాళ్లకు అది భలే నచ్చి, అందరూ కలిసి “నో టాకింగ్! నో టాకింగ్!” అని భజన అందుకున్నారు. ఆ ఉత్సాహంలో మన ఇంట్లోదే ఇంకో చప్పుడు వినిపిస్తోందేమిటా అని చూస్తే, డాక్టర్ అంకుల్ అలవాటు కొద్దీ పళ్లెం వాయిస్తున్నారు. ఆంటీ గరిటె లాక్కుంది.

మొదటిది పోయింది. నేను పుస్తకం మూసేశాను. నిచ్చెన కోతమిషనులో మెడ వంచుకుని కూర్చున్న దృశ్యం కళ్ల ముందు కనబడింది.

రెండోదీ పోయింది. బంతి రింగు అంచుకు తగిలి ఎడమ మూలకు ఎగిరింది. తొమ్మిది మంది తలలెత్తి అది ఎటు పోతుందోనని చూస్తున్నారు. నిచ్చెన చూడడం లేదు. బంతి రింగును తాకీ తాకగానే ఆ మూలకు వెళ్లిపోయాడు. దానికోసం ఎదురుచూస్తున్నట్టు అక్కడ అందుకుని, రెండు అంగల్లో వెనక్కి వచ్చి, నిచ్చెన ఎక్కకుండానే అటక మీద డబ్బా పెట్టినట్టు బంతిని బుట్టలో పెట్టేశాడు. గంట మోగింది. ఒక్క పాయింటుతో గెలిచాం.

కోచమ్మ కోర్టులోకి వచ్చింది. “ఈ రోజు ఆరు ఫ్రీ త్రోలు వేశావు. ఒక్కటీ పడలేదు. నా జన్మలో ఇంత ఘోరం చూడలేదు,” అంది. ఆవిడ అంతటితో ఆపలేదు. “కానీ గురి తప్పిన బంతుల వెంట ఇలా పడేవాణ్ణి కూడా చూడలేదు. చొక్కా ఉంచుకో. నీకు ఇది ఎవరు నేర్పారు?”

“నేనే సెలెక్ట్ చేశాను మేడం!” అన్నారు డాక్టర్ అంకుల్. “ట్రెయినింగ్ మాది!” అన్నారు లెక్చరర్ అంకుల్. నేను పుస్తకంలో పేజీ వెతుకుతున్నాను.

నిచ్చెన ఇబ్బందిగా మెడ గోక్కున్నాడు. “ఎవరూ నేర్పలేదు. ప్రాక్టీసులో వీళ్లు ముగ్గురూ కుర్చీలోంచి లేవరు. ఒక్క బంతీ తెచ్చివ్వరు. నెల రోజులుగా అన్నీ నేనే పరుగెత్తి తెచ్చుకున్నాను. నేను తప్పు వేస్తే అది ఎటు పోతుందో ఇప్పుడు నాకు వేసేముందే తెలిసిపోతుంది.”

కారులో తిరిగి వచ్చేటప్పుడు మొదటిసారి వాదన జరగలేదు. సగం దారిలో ఆంటీకి నవ్వు మొదలై, ఇల్లు వచ్చేదాకా ఆగలేదు. నిచ్చెన మూడేళ్లు ఆడాడు. ఫ్రీ త్రోలు చివరిదాకా అలాగే వేశాడు.

ఇప్పుడు నేను మెల్‌బోర్న్ దగ్గర వెర్రిబీలో ఉంటున్నాను. కారు ఉంది, ఈత కూడా వచ్చింది (పిల్లల తరగతిలో చేరి నేర్చుకున్నాను). ఈ వృత్తాంతానికి సాయపడినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. డాక్టర్ అంకుల్‌కు, చిత్తుప్రతి చదివి తన పాత్ర తగ్గిందని ఫోన్లో గంటసేపు చెప్పినందుకు. లెక్చరర్ అంకుల్‌కు, దాన్ని ఎర్ర సిరాతో దిద్ది నూటికి అరవై ఒకటి వేసి, దస్తూరీ బాగాలేదని రాసి పంపినందుకు. (నేను పంపింది టైపు చేసిన ప్రతి.) ఆంటీకి, ఏమీ దిద్దకుండా, “అంతా నిజమే రా, నువ్వు మాత్రం ఇంకొంచెం అమాయకంగా ఉండేవాడివి” అన్నందుకు. కోచమ్మకు, ఆ చొక్కా కోసం. ఇప్పుడు తన ఊరి బళ్లో పిల్లలకు ఆట నేర్పుతున్న నిచ్చెనకు, ఏది అడిగినా “నో వరీస్ మేట్” అన్నందుకు. చివరగా, చలిలో స్వెటర్ కప్పుకుని, ఒళ్లో పుస్తకంలోంచి తల ఎత్తకుండా, ఒక మనిషిని తానే తీర్చిదిద్దుతున్నానని నమ్మిన ఆ ఇరవై మూడేళ్ల కుర్రాడికి. వాడు ఒక్కసారి తల ఎత్తి ఉంటే ఆట ఎంత బాగుంటుందో చూసేవాడు. కానీ చూసి ఉంటే జాలిపడి, లేచి బంతి తెచ్చి ఇచ్చేసేవాడు. అలా కూర్చునే ఉన్నందుకు వాడికి కూడా.