ఆకు తరిగిన చెయ్యి

నా పెనిమిటి పోయిన తర్వాత వచ్చిన మొదటి పెద్దల పూజకు చిలుము నేనే నింపాను. ఊరు నోరు నొక్కుకుంది. నొక్కుకోనీ.

మా ఇంట్లో చుట్ట కాల్చరు, మట్టి చిలుములో పొగాకు నింపి పీలుస్తారు. పెరట్లో పొగాకు మొక్కలు వేసి, ఆకును చూరు కింద వేలాడదీసి, ఎండాక ఇంట్లోనే తరుక్కుంటాం. పూజనాడు పోయినవాళ్ళ రాయి ముందు చిలుము వెలిగించి పెడతాం. అది ఆరితే పెద్దలు ఒప్పుకోలేదన్నట్టు. ఆ ఆకును మగవాడే తరగాలి, ముండమోసింది ముట్టకూడదంటారు. ఆయన బతికుండగా తరిగింది ఎవరు? నేనే. ఆయన చేతులు వణికేవి. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

పూజకు ముందురోజు మధ్యాహ్నం మరిది వచ్చాడు. అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో పని చేస్తాడు. బండి దిగుతూనే చెయ్యి చాపాడు.

“వదినె, అన్న కత్తియ్యి. రేపటి ఆకు నేను కోస్త.”

“అన్న కత్తి ఏడున్నది? గిది నా కత్తి.”

“నీకు నోరెక్కువైంది.”

“అవ్, తిండి తక్కువైంది. గందుకే నోరు పెరిగింది.”

అరుగు మీద కూర్చున్న అత్త పకపకా నవ్వి, కొడుకు మొహం చూసి దగ్గినట్టు చేసింది.

కత్తి ఇవ్వలేదు. మరిది చూరు కింది ఆకు సగం లాక్కుని, తన కొడవలితో కూర్చున్నాడు. “ఎండల కొయ్యకయ్యా, మంచుకు మెత్తబడనియ్యి” అన్నాను. “నాకు నేర్పుతున్నవా?” అన్నాడు. ఆకు అప్పడంలా విరిగి పొడిపొడి అయింది. ఆ పొడినే మూట కట్టుకున్నాడు.

నా సగం ఆకును సాయంత్రమే కంచె మీద పరిచాను. తెల్లవారేసరికి మంచు తాగి పాత చీరలా మెత్తబడింది. నడిమి ఈనె లాగేసి, ఆకు మీద ఆకు పేర్చి, బిగించి చుట్టి, తోటకూర కంటే సన్నగా తరిగాను. బెల్లం నీళ్ళు చిలకరించి, నీడలో చాట మీద ఆరబెట్టి, కొంగున కట్టుకుని రాయి దగ్గరికి పోయాను.

మరిది చిలుము నింపి నిప్పు పెట్టాడు. పొడి జారి బొక్కను మూసేసింది. బుగ్గలు లోపలికి పోయేలా పీల్చాడు. నిప్పు నల్లబడింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఆరింది.

“ఏందిరా, మీ అన్న వద్దంటుండా?” అన్నాడు కులపెద్ద.

“ఆయన చిలుము వద్దనలే. పొడి వద్దన్నడు,” అన్నాను.

మరిది చేతిలోంచి చిలుము తీసుకుని దులిపి, నా ఆకు నింపాను. పీల్చకుండా చిలుము అంటుకోదు. నోట్లో పెట్టుకున్నాను. “ముండమోసినదానివి...” అని ఎవరో మొదలుపెట్టారు. గట్టిగా లాగాను. ఈ గొంతు ఎప్పుడో బొంగురుపోయింది, ఇంకేం పాడవుతుంది? నిప్పు ఎర్రబడింది. రాయి ముందు పెట్టాను. వచ్చినవాళ్ళంతా కోడికూర తిని చేతులు కడుక్కునే దాకా పొగ లేస్తూనే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు అత్త నా కొంగు పట్టుకుంది.

“ఇంకింత ఉన్నదా? నాకు గూడ నింపు.”

“మగోళ్ళు కోసిందే మంచిదంటివి గదా అత్తా.”

“వాడు కోసింది ముక్కుపొడుంకు పనికొస్తది, తియ్.”

ఈ ఏడు పూజ దగ్గర పడింది. నిన్న మరిది ఫోన్ చేశాడు. కత్తి మాట ఎత్తలేదు. “వదినె, ఆకు మంచుకు ఎప్పుడేస్తవ్?” అని మాత్రం అడిగాడు.

కత్తి నూరుతున్నాను.