రెడ్డెమ్మ తెచ్చిన డిస్కు

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నావా అని అడిగితే గట్టిగా లేదనీ అనలేను. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివినవాణ్ణి. పాడైన ప్రతి వస్తువుకూ ఏదో ఒక కారణం ఉంటుంది, అది దొరికేదాకా వెతకడమే మన పని అనుకుంటూ బతికినవాణ్ణి.

మా నాన్న దినకార్యం రోజున పిండం దగ్గరికి కాకి ఎంతకీ రాలేదు. పోయినవాళ్ళకు ఏదైనా కోరిక మిగిలిపోతే కాకి పిండం ముట్టదనీ, ఎవరో ఒకరు ఆ కోరిక తీరుస్తామని మాట ఇస్తే అప్పుడు వచ్చి ముడుతుందనీ మనవాళ్ళ నమ్మకం కదా. మా బంధువులు ఒక్కొక్కరే వెళ్ళి ఏవేవో మాటలు ఇస్తున్నారు. "ఇంతమంది చుట్టూ నిలబడితే అదెలా వస్తుందండీ, కాస్త పక్కకి జరగండి" అన్నాను నేను. జరిగారు, కాకి వచ్చింది. మా మేనత్త చాలాకాలం నాతో మాట్లాడలేదు. నా సంగతి అర్థం కావడానికి ఇది చెప్పాను.

మాది కోనసీమ. కువైట్‌లోని ఫర్వానియాలో ఒక చిన్న కంప్యూటర్ రిపేరు షాపులో చాలా ఏళ్ళు పనిచేశాను. షాపులో నేను, బషీర్ అనే పాకిస్తానీ మెకానిక్. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక మాకు గిరాకీ ఎక్కువ. ఇళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళకు, డ్రైవర్లకు బయటికి వచ్చే వీలు దొరికేది అప్పుడే.

ఇప్పటిలా ఫోన్లో వీడియోలు చూసుకునే రోజులు కావవి. ఊళ్ళో పెళ్ళి జరిగినా, ఓణీల ఫంక్షన్ జరిగినా, చావు జరిగినా వీడియో తీయించి, డిస్కులోకి ఎక్కించి, కువైట్ వచ్చేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ సంచిలో పెట్టి పంపేవారు. కొడుకు పెళ్ళిని అలా డిస్కులో చూసిన తల్లులు నాకు తెలుసు. అందుకే డిస్కు డ్రైవు పాడైన ల్యాప్‌టాప్ వస్తే నేను ఆలస్యం చేసేవాణ్ణి కాదు.

రెడ్డెమ్మ ఒక శుక్రవారం వచ్చింది. రాజంపేట దగ్గర పల్లెటూరు ఆమెది. సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. భర్త వెంకటరమణ ఒక కంపెనీలో డ్రైవరు, మహబూలాలో నలుగురితో కలిసి గదిలో ఉండేవాడు. ఒకే దేశంలో ఉన్నా మొగుడూ పెళ్ళాం కలుసుకునేది శుక్రవారం ఒక్కపూటే. ఆ పూట మహబూలా సముద్రం ఒడ్డున కూర్చుని, అతని సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో ఊరి నుంచి వచ్చిన డిస్కులు చూసేవారట. వాళ్ళకు ఒక్కతే కూతురు, శైలజ. నాయనమ్మ దగ్గర ఉండి అప్పుడే ఇంటర్ పూర్తిచేసింది.

వెంకటరమణ నిద్రలోనే గుండె ఆగి పోయాడు. కంపెనీవాళ్ళు శవాన్ని ఊరికి పంపించారు. రెడ్డెమ్మ వెంట వెళ్ళలేకపోయింది. ఆమె పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చి తెప్పించుకున్న ఇంటి యజమాని దగ్గర ఉంది. ఇంట్లో పెళ్ళి దగ్గరపడిందని, అది కానిదే పంపనని యజమానురాలు అంది. ఈ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు యజమానురాలిని మామా అంటారు. ఆ మామా చెడ్డది కాదని, తనతో పాటు ఏడ్చిందని కూడా రెడ్డెమ్మే చెప్పింది. కానీ పంపలేదు.

అంత్యక్రియలు, దినాలు అన్నీ అక్కడ మరిది చేతుల మీదుగా జరిగాయి. ఆ వీడియో డిస్కు ఆమెకు చేరింది. గదిలోవాళ్ళు వెంకటరమణ ల్యాప్‌టాప్‌ను కూడా ఆమెకు ఇచ్చేశారు. ఇక డిస్కు పెట్టి చూద్దామంటే డ్రైవు తెరుచుకోలేదు. దాని బటన్ ఎంత నొక్కినా ట్రే బయటికి రాలేదు.

ఇది మామూలు జబ్బే. నేను ముందు స్క్రీన్ మీద నుంచి ఎజెక్ట్ కొట్టి చూశాను. చప్పుడు లేదు. మెషీన్‌ను ఆపి, మళ్ళీ ఆన్ చేస్తూనే బటన్ నొక్కాను. రాలేదు. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. డ్రైవు కనిపిస్తోంది, కరెంటు అందుతోంది, పచ్చలైటు వెలుగుతోంది, ట్రే మాత్రం కదలదు. దాని ముందువైపు చిన్న రంధ్రం ఉంటుంది. పేపర్ క్లిప్పు సాగదీసి లోపలికి పొడిస్తే కరెంటుతో పనిలేకుండా తెరుచుకోవాలి. పొడిచాను. లోపల మీట నా చేతికి తగులుతోంది, లోపలికి వెళ్తోంది, ట్రే మాత్రం రావడం లేదు. బషీర్ కూడా పొడిచి చూశాడు. వాడికీ రాలేదు.

డిస్కు ఇంకో మెషీన్‌లో పెట్టి ఇప్పుడే చూపిస్తానన్నాను. షాపు నిండా ల్యాప్‌టాప్‌లే ఉన్నాయి. ఆమె వద్దంది.

"పాప వీడియోలన్నీ మేమిద్దరం దీంట్లోనే చూసినామన్నా. ఆయప్పది కూడా దీంట్లోనే చూడాల. వేరేదాంట్లో నాకొద్దు."

ఆయప్ప అంటే వాళ్ళ వైపు మాటలో ఆయన, ఆమె మొగుడు. స్క్రూ తీసి డ్రైవునే ల్యాప్‌టాప్ నుంచి బయటికి లాగాను. అరచేతి కంటే కాస్త పెద్దగా, పలచగా ఉంటుంది. దాన్ని బల్ల మీద పరిచిన గుడ్డ మీద పెట్టాను. గమనించండి, అప్పుడు దానికి ఏ వైరూ లేదు, ఏ కరెంటూ లేదు. దాన్నే విప్పేస్తే తెరుచుకుంటుంది కానీ, పాత డ్రైవు కాబట్టి మళ్ళీ పనిచేయకపోవచ్చని ఆమెకు చెప్పాను. చెప్పి, చిన్న స్క్రూ డ్రైవర్ కోసం సొరుగు లాగాను.

"ఆడ కూడా ఇట్లే అయిందంటన్నా" అంది రెడ్డెమ్మ.

నేను తలెత్తి చూశాను. ఏటి ఒడ్డున పిండం పెడితే కాకి రాలేదట. మరిది, అత్త, చుట్టాలు అందరూ మాట ఇచ్చి చూశారట. పొద్దెక్కినా రాలేదట. చివరికి విస్తరి ఎత్తి ఏట్లో వదిలేశారట. ఫోన్లో మరిది ఈ మాట చెప్పినప్పటి నుంచి తనకు అన్నం సహించడం లేదంది.

కాకుల గురించి నా పాత పాఠం నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూసి ఊరుకున్నాను. ఆయనకు ఏం కోరిక ఉండేదని మాత్రం అడిగాను. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి అడిగాను, అంతే.

ఆమె బల్ల మీది డ్రైవు వైపు చూసింది. తర్వాత చెప్పింది. మామా చెల్లెలికి పనిమనిషి కావాలట. శైలజను తెప్పించమని అడిగారట. ఆ వయసు పిల్లకు ఇంటిపనికి రావడానికి మన ప్రభుత్వం ఒప్పుకోదు కాబట్టి, ఏజెంటు వయసు పెంచి పాస్‌పోర్టు కూడా తీయించేశాడు. వీసా ఆ వారంలో వస్తుంది. ఇంటాయన లేకపోయాక ఒక్కదాన్ని ఎంతకని మోయాలి, పిల్ల కళ్ళ ముందైనా ఉంటుంది అనుకుందట. వెంకటరమణ బతికుండగా ఈ మాట ఎత్తితే అన్నం మధ్యలో లేచిపోయేవాడట. కూతుర్ని ఒకరి ఇంట్లో పనికి పెట్టడానికేనా ఇద్దరం ఈ ఎడారిలో పడి ఉన్నది అనేవాడట.

ఇదంతా చెప్పి ఆమె తల మీద చెంగు సర్దుకుంది. బల్లకు కాస్త దగ్గరగా జరిగింది. నాతో మాట్లాడటం లేదని తెలుస్తూనే ఉంది.

"పాపను ఈడికి తెప్పించను. సత్తెంగా తెప్పించను. ఇంగ తెరువు."

టక్ మని చప్పుడైంది. గుడ్డ మీద ఉన్న డ్రైవు ట్రే వేలెడు ముందుకు వచ్చి ఆగింది.

సొరుగులో ఉన్న నా చెయ్యి సొరుగులోనే ఉంది. బషీర్ అవతలి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బల్లను ఎవరూ తాకలేదు. దీనికి కారణం చెప్పమంటే చెప్పగలను. క్లిప్పుతో అన్నిసార్లు పొడిచాం కాబట్టి లోపల పట్టుకున్న కొక్కెం అప్పటికే వదులై ఉండాలి, స్ప్రింగు కొంత ఆలస్యంగా తోసి ఉండాలి. అలా జరగడానికి వీలుంది. నా అన్నేళ్ళ పనిలో అలా జరగడం నేను చూడలేదు కానీ, వీలుంది.

ట్రే ఖాళీగా ఉంది. రెడ్డెమ్మకు ఆశ్చర్యం కలిగినట్టు లేదు. ఆమె బయటికి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడి మామాకు ఫోన్ చేసింది. అరబ్బీలో మాట్లాడింది. బింత్ అంటే కూతురు, ఖలాస్ అంటే ఇక అయిపోయింది. ఆ రెండు మాటలే పదేపదే వినిపించాయి. అవతల నుంచి గట్టిగానే కేకలు వచ్చాయి. ఆమె గొంతు పెంచలేదు, మాటా మార్చలేదు.

నేను డ్రైవును మళ్ళీ బిగించాను. ఆమె సంచిలోంచి డిస్కు తీసి తనే పెట్టింది. పనిచేస్తోందో లేదో చూసి ఇస్తానని నేను అన్నాను, ఆమె కుర్చీలో కూర్చుంది. పాడె, ఊరేగింపు, చితి. వాటి గురించి రాయను. ఆమె చప్పుడు చేయకుండా ఏడ్చింది.

తర్వాత ఏటి ఒడ్డు వచ్చింది. ఇసుకలో విస్తరి, దాని మీద పిండాలు. ఒక్కొక్కరే వచ్చి దణ్ణం పెట్టి వెళ్ళారు. తర్వాత అందరూ ఫ్రేములోంచి పక్కకి తప్పుకున్నారు. విస్తరి ఒక్కటే మిగిలింది. ఎడమ పక్క నుంచి ఒక కాకి గెంతుకుంటూ వచ్చింది. ఆగింది. పిండాన్ని పొడిచింది, మళ్ళీ పొడిచింది, ముద్ద నోట కరుచుకుని ఎగిరిపోయింది. వీడియో అక్కడితో అయిపోయింది.

బషీర్‌కు మన ఆచారాలు తెలియవు. నేను ఏమీ చెప్పలేదు. వాడే నన్ను హిందీలో అడిగాడు, అన్నం కాకి తినేసి పోతుంటే ఎవరూ తోలరేమిటని. అందుకే నేను భ్రమపడలేదని నాకు తెలుసు.

డిస్కు తీసి ఇద్దామని బటన్ నొక్కాను. ట్రే రాలేదు. క్లిప్పుతో పొడిచాను, రాలేదు. మళ్ళీ పొడవబోయాను. రెడ్డెమ్మ నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఉండనీ అన్నా. ఆయప్ప చూసుకున్న్యాడు. నేనూ చూసినా. చాలు."

ల్యాప్‌టాప్ కూడా నా దగ్గరే వదిలేసి, బస్సు వేళయిందని వెళ్ళిపోయింది.

ఆ మరుసటి ఏడు నేను సెలవు మీద వచ్చి తిరుపతి వెళ్ళాను. తిరుగు దారిలో రాజంపేటలో దిగి వాళ్ళ ఊరు వెతుక్కుంటూ పోయాను. కుతూహలం అనుకోండి, మొండితనం అనుకోండి. శైలజ ఇంటి దగ్గరే ఉంది. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరిందట, రోజూ బస్సులో వెళ్ళి వస్తోందట. ఇలాంటి వీడియో తీయిస్తే ఒక డిస్కు ఇంట్లోనూ ఉంచుకుంటారని నాకు తెలుసు. చూడాలని అడిగాను. ఆ అమ్మాయి టీవీ పెట్టి డిస్కు వేసింది.

అదే ఇసుక, అదే విస్తరి, దణ్ణాలు పెట్టిన అవే ముఖాలు. అందరూ పక్కకి తప్పుకున్నారు. విస్తరి ఒక్కటే ఉంది. ఎంతసేపటికీ ఏమీ రాలేదు. తర్వాత రెడ్డెమ్మ మరిది నడిచి వచ్చి, విస్తరిని పిండాలతో సహా ఎత్తి, నీళ్ళలో వదిలాడు. వీడియో అయిపోయింది. మళ్ళీ వేయించుకుని చూశాను. కాకి లేదు.

వీడియో తీసినతని స్టూడియోకు కూడా వెళ్ళాను. ఒకటే క్యాసెట్, దాన్నుంచే రెండు డిస్కులూ చేశానన్నాడు. కాకి వచ్చి ఉంటే ఆ ముక్క నేనెందుకు కత్తిరిస్తానండీ, దానికోసమే కదా అంతసేపు ఎండలో నిలబడ్డది అన్నాడు.

బయల్దేరేటప్పుడు శైలజ వీధి చివరిదాకా వచ్చింది. అమ్మ ఫోన్లో చెప్పింది నిజమేనా, నాయన కోసం కాకి వచ్చిందా అని అడిగింది. ఆ పిల్ల ఇప్పుడే కాకి లేని డిస్కును నాతో పాటు చూసింది. నేను కారణాలు వెతికే మనిషిని. ఎడిటింగ్ పొరపాటై ఉంటుందని ఒక్క మాటలో తేల్చేయొచ్చు.

"వచ్చిందమ్మా. నేను చూశాను" అన్నాను.

కువైట్ వదిలి వచ్చేసి చాలా ఏళ్ళయింది. ఆ ల్యాప్‌టాప్ ఎప్పుడో పోయింది కానీ డ్రైవు మాత్రం విప్పి నాతో తెచ్చుకున్నాను. మా ఇంట్లో బీరువా పై అరలో ఉంది. డిస్కు ఇంకా దాని లోపలే ఉంది. వెనక ఉన్న చిన్న స్క్రూలు విప్పితే తెరుచుకుంటుంది. నాకు టీ తాగినంతసేపు పట్టదు. తెరిచి, డిస్కు తీసి వేసి చూస్తే అందులో కాకి ఉందో లేదో తేలిపోతుంది.

శైలజ ఇప్పుడు కడపలో ఒక ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం చేస్తోంది. రెడ్డెమ్మ కూతురి దగ్గరే ఉంటోంది. ఎప్పుడైనా ఫోన్ చేస్తే డ్రైవు గురించి తల్లి అడగదు, కూతురూ అడగదు. నేనూ ఎత్తను. ఆ రోజు నేను చూసింది ఏమిటో ఈనాటికీ నాకు తెలియదు. స్క్రూ డ్రైవర్ పట్టుకుని ఎన్నోసార్లు బీరువా దాకా వెళ్ళాను. ప్రతిసారీ కాకి వచ్చిందని ఆ పిల్లకు చెప్పిన మాట గుర్తొచ్చి వెనక్కి వచ్చాను.