చేపల తొట్టికి ఆరు కాళ్ళు

ఈ వారం మాత్రం నన్నెవరూ "సార్, చిన్న డౌటు" అని అడక్కండి. ముఖ్యంగా బరువుల గురించి. పాలిటెక్నిక్‌లో పదకొండేళ్ళుగా మెకానికల్ పాఠాలు చెబుతున్నవాణ్ణి. మా ఇంట్లో ఇప్పుడు నా పరువు ఎక్కడుందో తెలుసా? పొద్దున కాఫీ గ్లాసు టేబుల్ మీద పెడుతూ మా ఆవిడ విజయ అంటుందీ, "చూసుకో బావా, టేబులు మోస్తుందో లేదో. లెక్క వేశావా?"

కాఫీ గ్లాసుకి లెక్కట! తాగబుద్ధి కాలేదు. తాగాననుకోండి.

అంతా చేపల వల్ల వచ్చింది. మా వీధి చివర బ్యాంకు మేనేజరు గారింట్లో ఒక అక్వేరియం ఉండేది. చిన్నా చితకా కాదు, ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. అందులో రెండు ఆస్కార్ చేపలు, ఒక్కోటి నా అరచెయ్యంత. అద్దానికి వేలు ఆనిస్తే చాలు, పని మానుకుని మరీ వచ్చి చూస్తాయి. నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం ఏదో ఒక వంక పెట్టుకుని ఆయనింట్లో కూర్చునేవాణ్ణి. ఒకసారి పేపరు కోసం, ఒకసారి నిచ్చెన కోసం. నేనొచ్చేది దేనికో ఆయనకీ తెలుసు.

మొన్న ఆయనకి కడప ట్రాన్స్‌ఫర్ అయింది. నన్ను పిలిచి, "లారీలో ఇది అక్కడిదాకా క్షేమంగా రాదు మాస్టారూ, మీరే తీసుకోండి. చేపలు కూడా. కాకపోతే ఇక్కడ ఇటుకలతో గట్టు కట్టించి దాని మీద పెట్టాను, గట్టు ఊడబెరికి ఇవ్వలేను గదా. స్టాండు మీరు చేయించుకోవాలి. ఆదివారం సాయంత్రానికి ఇల్లు ఖాళీ చేస్తున్నా. మీ వల్ల కాదంటే చెప్పండి, డెంటిస్టు గారు ఇప్పటికే రెండుసార్లు అడిగారు" అన్నారు.

డెంటిస్టు! పన్ను పీకించుకోవడానికి బుగ్గ పట్టుకుని కూర్చున్నవాళ్ళ మధ్య నా చేపలా! కడుపు మండిపోయింది. "నా వల్ల కాకపోవడమేంటండీ, నేను మెకానికల్!" అన్నాను. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది.

మర్నాడు కాలేజీలో రెండు ఖాళీ పీరియడ్లు కూర్చుని డ్రాయింగు వేశాను. నీళ్ళు, అద్దాలు, అడుగున రాళ్ళు అన్నీ కలిపి ఎనిమిది వందల కేజీలు తేలింది. ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను.

"ఎనిమిది వందల కేజీలా! ఎక్కడ పెడతావ్?" అంది విజయ.

"హాల్లో, ఉత్తరం గోడకి."

"అక్కడ అమ్మ మంచం ఉంది గదా."

"మంచం పక్కనే."

నన్ను పైనుంచి కిందికి చూసింది. "విరిగితే అమ్మ మీదే పడుతుంది. కావాలనే అక్కడ పెడుతున్నావా బావా?"

మా అత్తయ్య నాకు సొంత మేనత్త. చిన్నప్పుడు నా ముక్కు తుడిచిన మనిషి. అల్లుడుగారు, మీరు, తమరు లాంటివి మా మధ్య లేవు. మంచం మీంచే అందుకుంది. "పెట్టుకోనీవే వాణ్ణి. చేపల కింద పడి పోయానంటే ఊళ్ళో నాలుగు రోజులు చెప్పుకుంటారు."

విజయకి నవ్వు రాలేదు. అంత బరువూ ముందు వేరే ఏదన్నా పెట్టి చూపించాలి, స్టాండు నిలబడిందని తను కళ్ళారా చూడాలి, అప్పుడే నీళ్ళు. లేకపోతే తొట్టి డెంటిస్టుకే. సరే అన్నాను. న్యాయమైన షరతే గదా.

హైవే పక్కన మస్తాన్ షెడ్డుంది. ట్రాక్టర్ ట్రక్కులు, గేట్లు చేస్తాడు. మా పేటలో చెయ్యి తిరిగిన వెల్డరు. నా డ్రాయింగు అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"సార్, ఆరు కాళ్ళెందుకండీ? నాలుగు కాళ్ళు, మధ్యలో ఒక అడ్డబద్దీ, చాలు. నేను ట్రక్కుకే ఇంత ఇనుము పెట్టను."

"నేను గీసినట్టు చెయ్యి మస్తానూ. రెండంగుళాల యాంగిల్, ఆరు కాళ్ళు, వెనకాల క్రాసులు."

"పెట్టేది చేపల్నా, ట్రాన్స్‌ఫార్మర్నా సార్?"

నాకు ఒళ్ళు మండింది గానీ పని కావాలి. మూడు రోజులు పట్టింది. ఇక్కడ రాడ్డు ఆనిస్తే అక్కడ కరెంటు పోయేది. నేను కాలేజీ అవగానే వెళ్ళి షెడ్డులో నిలబడేవాణ్ణి. టేపు పెట్టి ఒక్కో కాలూ కొలిచాను. ముప్ఫై అంగుళాలు, వెంట్రుకవాసి తేడా లేదు. అయినా ఒక కాలు రెండుసార్లు గ్రైండింగ్ చేయించాను. గ్రైండరు చప్పుడులో మస్తాన్ ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. శనివారం మధ్యాహ్నానికి ఆరుగురు కలిసి మోసుకొచ్చి హాల్లో పెట్టారు. ఏనుగునైనా ఎక్కించొచ్చు, అంత గట్టిగా ఉంది.

ఇప్పుడు బరువు కావాలి. ఎక్కణ్ణుంచి తేవాలా అనుకుంటుండగా వీధిలో ట్రాక్టరు ఆగింది. మా బావమరిది శ్రీను! మార్టూరు అవతల వాళ్ళ పొలం. ట్రక్కు నిండా మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకి బయల్దేరాడట. శనాదివారాలు యార్డు సెలవని దారిలో గుర్తొచ్చిందట. సోమవారం దాకా మా ఇంటి ముందే మకాం.

దేవుడే పంపాడనుకున్నాను. టిక్కీ అంటే మిర్చి బస్తా, ఒక్కోటి నలభై కేజీలు. ఇరవై టిక్కీలు వేస్తే సరిగ్గా ఎనిమిది వందలు! లెక్క ఎంత అందంగా కుదిరిందో చూడండి.

శ్రీను, వాడి డ్రైవరు టిక్కీలు లోపలికి మోయడం మొదలెట్టారు. వరసకి రెండు పట్టాయి. రెండో వరస, మూడో వరస. స్టాండు కిమ్మనలేదు. నేను కింద కూర్చుని ఇనుము వంగుతుందేమోనని దారం కట్టి మరీ చూస్తున్నాను. నాలుగో వరస. ఐదో వరస వేసి శ్రీను స్టూలు మీంచి అరిచాడు.

"బావా, ఇంక పైన చోటు లేదు. శ్లాబు పగలగొట్టమంటావా?"

తలెత్తి చూశాను. నిజమే. పది టిక్కీలకే కప్పు తగిలింది. బరువు లెక్క వేశాను గానీ టిక్కీ ఎంత లావుంటుందో లెక్క వెయ్యలేదు! మిరపకాయల దేశంలో పుట్టి పెరిగినవాణ్ణి, ఇంత కూడా తట్టలేదంటే ఏం చెప్పను?

"ఆగండి, ఆలోచిస్తా" అన్నాను. చెమటలు కారిపోతున్నాయి. ఆలోచించడానికి కాస్త గాలి కావాలి గదా. వెళ్ళి ఫ్యాను స్విచ్ వేశాను. ఫుల్లో.

ఎండిన మిర్చి, కొత్త పంట, నేత గోతాలు. తరవాత ఏమైందో మీకు చెప్పాలా? ముందు డ్రైవరు తుమ్మాడు. తరవాత శ్రీను స్టూలు మీద తుమ్మాడు, అక్కణ్ణుంచి దూకాడు. నాకు కళ్ళు కనపడలేదు, తడుముకుంటూ స్విచ్ కట్టబోయి ఇంకో ఫ్యాను కూడా వేశాను. ఎదురింటివాళ్ళు కిటికీలు మూసుకుంటున్నారు. మోకాళ్ళ నొప్పులని రెండు నెలలుగా గేటు దాటని మా అత్తయ్య తలగడతో సహా అందరికంటే ముందు రోడ్డు మీదుంది.

విజయ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడి అరిచింది. "సగం బరువు మోసింది గదా! మిగతా సగం నేను నమ్ముతాను! ముందు అవి బయటికి పంపు!"

అలా నా లోడ్ టెస్టు పాసైంది.

ఆ సాయంత్రం ఒకసారి, ఆదివారం పొద్దున రెండుసార్లు హాలు కడిగాం. ప్రతిసారీ ఎర్రటి నీళ్ళే. మధ్యాహ్నానికి తొట్టి వచ్చింది. కింద థర్మోకోల్ షీటు వేసి జాగ్రత్తగా కూర్చోబెట్టాం. చేపలు రెండూ బాత్‌రూంలో నీలం డ్రమ్ములో ఉన్నాయి, పాపం తిరగడానికి చోటు లేక ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. మోటారు వేసి పైపు పెట్టాను. నీళ్ళు ఎక్కుతుంటే నాలుగేళ్ళ కల ఎక్కుతున్నట్టే ఉంది నాకు. ముప్పావు వంతు పైనే నిండింది.

విజయ టవలుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. కాసేపు చూసింది. తల ఒక పక్కకి వంచింది.

"బావా, నీళ్ళేంటి వంకరగా ఉన్నాయి?"

"నీళ్ళు వంకరగా ఉండవే పిచ్చిదానా. నేను క్లాసులో చెప్పేదే అది."

"ఏమో మరి. ఇటు తూర్పు వైపు చూడు, పై అంచుకి నాలుగంగుళాలుంది. అటు పడమర వైపు ఐదుంది."

టేపు పెట్టాను. సరిగ్గా అంగుళం తేడా. నీళ్ళు వంకర కాకపోతే తొట్టి వంకర. తొట్టి కూర్చున్నది స్టాండు మీద. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తొట్టి అలాగే ఒరిగి ఉంటే బరువంతా ఒక పక్కకి పడి అద్దాల అతుకులు ఊడతాయి, ఎనిమిది వందల కేజీలూ అత్తయ్య మంచం మీదికే. మోటారు కట్టేసి స్కూటరేసుకుని మస్తాన్ ఇంటికి వెళ్ళాను. ఆదివారం పూట బిర్యానీ ముందు కూర్చున్నాడు. "నీ కాళ్ళు పొట్టివయ్యా!" అన్నాను గుమ్మంలోంచే. వాళ్ళావిడ నన్నూ, వాడి కాళ్ళనూ మార్చి మార్చి చూసింది.

వచ్చాడు. ఆరు కాళ్ళూ టేపుతో కొలిచాడు. అన్నీ ముప్ఫై అంగుళాలే. సంచిలోంచి రసమట్టం తీశాడు. స్టాండు బద్దీ మీద పెట్టాడు, బుడగ ఒక పక్కకి పోయింది. తరవాత దాన్ని నేల మీద పెట్టాడు. బుడగ మళ్ళీ అదే పక్కకి, అంతే దూరం పోయింది. ఇంకో చోట పెట్టాడు. అదే సంగతి.

లేచి నిలబడి, "స్టాండు బంగారం సార్. నేలే వాటంగా, ఒక పక్కకి దిగి ఉంది. ఈ ఫ్లోరింగు ఏ గుడ్డి మేస్త్రీ చేశాడండీ?" అన్నాడు.

విజయ నా వైపు చూసింది. అత్తయ్య నా వైపు చూసింది. శ్రీను గోడ వైపు తిరిగి భుజాలు కదిలిస్తున్నాడు.

మేస్త్రీ గుడ్డివాడేం కాదు. ఇల్లు కట్టే రోజుల్లో ఊరంతా వాస్తు జ్వరం. నేనూ రెండు పుస్తకాలు చదివేశాను. ఈశాన్యం పల్లంగా ఉండాలి. మేస్త్రీ ఒక అంగుళం వాటం చాలన్నాడు. చాలదు, మూడంగుళాలు పెట్టు, ఐశ్వర్యం అటునుంచే రావాలి అని పక్కన నిలబడి పెట్టించింది నేను. పద్దెనిమిది అడుగుల హాలుకి మూడంగుళాలు. ఆరడుగుల స్టాండుకి ఎంత? ఒకటి. ఈ లెక్క మాత్రం నోటితోనే వచ్చింది నాకు.

"తూర్పు కాళ్ళ కింద అంగుళం ప్లేటు ముక్కలు పెట్టేద్దాం" అన్నాడు మస్తాన్. తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "నాలుగు కాళ్ళయితే రెండు ముక్కలతో పోయేది సార్. ఆరు గదా. మధ్య కాళ్ళకి అరంగుళంవి వేరే కొయ్యాలి."

నేను వెళ్ళి పైపు వెతికాను.

నీళ్ళు తీస్తే గానీ స్టాండు లేవదు. పైపుతో వెనక పెరట్లోకి లాగుతున్నాం. సగంలో పైపు చివర జారి హాల్లోనే పడింది. నీళ్ళు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తిన్నగా ఈశాన్యానికి పరిగెత్తాయి, మూలమూలల్లో మిగిలిన మిర్చి ఎరుపునంతా ఊడ్చుకుంటూ. అత్తయ్య కాళ్ళు పైకి ముడుచుకుని మంచం మీద కూర్చుంది.

"నీ వాస్తు బ్రహ్మాండంగా పనిచేస్తోందిరా అబ్బాయ్" అంది. "అన్నీ ఇటే వస్తున్నాయి."

గునపాలు పెట్టి లేపి, ముక్కలు తోసి, రసమట్టం పెట్టి, మళ్ళీ నీళ్ళు నింపేసరికి దీపాలు పెట్టే వేళయింది. చేపల్ని వదిలాను. రెండూ ఒక చుట్టు తిరిగి, అద్దం దగ్గరికి వచ్చి నన్ను చూశాయి. చాలా సంతోషమేసింది. కళ్ళు చెమర్చాయి కూడా. మిర్చి ఘాటు ఇంకా పోలేదని చెప్పాను అందరికీ.

కథ ఇక్కడ ఆగితే నేను మీకు చెప్పేవాణ్ణే కాదు. నిన్న సాయంత్రం మా కాలేజీ సివిల్ డిపార్ట్‌మెంట్ హెడ్డు గారు చేపలు చూస్తానని వచ్చారు. చేపల్ని చూశారా? లేదు. ఒక కన్ను మూసి స్టాండు కింది బద్దీని, వెనక గోడ అడుగునున్న నల్లరాయి పట్టీని కలిపి చూశారు. ఆ పట్టీ నేలతో పాటే దిగుతుంది గదా, పడమర దగ్గరగా, తూర్పున ఎడంగా కనిపిస్తోంది.

"ఏంటి సార్, స్టాండు ఒక పక్కకి లేచిపోయింది? ఎవరు చేశారు?"

స్టాండు వంకరంటే డిజైను నాది. కాదు నేల వంకరంటే ఇల్లు కట్టించింది నేను, అడుగుతున్నది సివిల్ ఆయన. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది, విజయ వింటోంది. ఏది ఒప్పుకుంటే తక్కువ నష్టమో లెక్క వేసుకుంటున్నాను.

ఈలోపు మంచం మీంచి అత్తయ్య గొంతు వినపడింది. "దాన్నేం అనకు నాయనా. ఈ ఇంట్లో తిన్నగా ఉన్నది అదొక్కటే."

హెడ్డు గారు నెమ్మదిగా తల తిప్పి నా వైపు చూశారు. నేను కాస్త నిటారుగా నిలబడ్డాను.