ఇనుప గదిలోంచి వచ్చిన సొంత గొంతు

దెయ్యాలూ భూతాలూ అని ఎవరైనా మొదలెడితే, వెళ్ళి పనులు చూసుకోండని కసిరేదాన్ని. రేపల్లె దాటి, సముద్రం ఒడ్డున మా పేట. పడవల రేవుకు పోవాలంటే శ్మశానం పక్కనుంచే దారి. పెళ్ళయిన నాటి నుంచీ చేపల గంప ఎత్తుకుని ఒంటరిగా ఆ దారినే తిరిగాను. అక్కడ నన్ను భయపెట్టినవి కుక్కలు మాత్రమే. నాది మూడో తరగతి చదువు. కూడబలుక్కుని రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మా రెండోవాడు శ్రీను. పడవ ఇంజను రెక్కకు వల చుట్టుకుంటే నీళ్ళలో మునిగి కోసి వచ్చేవాడు. ఆ ఈతే వాడికి ఉద్యోగం తెచ్చింది. బొంబాయి వైపు నడిసముద్రంలో చమురు బావులుంటాయట. వాటి గొట్టాలు బాగుచేయడానికి సముద్రం అడుగుకు దిగే పని.

సెలవు అయిపోయి వెళ్ళేటప్పుడు ఒకసారి తెనాలి రైలు కోసం రేపల్లె స్టేషన్లో కూర్చున్నాం. వాడు గోళీసోడా కొన్నాడు. ఇంట్లో నీళ్ళు లేవా అని తిట్టాను.

"ఇందులో గాలి ఎక్కడుందో చూపించమ్మా," అన్నాడు. నాకేం కనిపించలేదు. గోళీ నొక్కగానే బుసబుసా పొంగింది.

"అదిమి పెట్టినంతసేపూ గాలి నీళ్ళలో కరిగుంటది. వదిలితే పొంగుద్ది. అడుగుకు పోతే మా ఒంట్లో రక్తం కూడా ఇంతేనే. గబుక్కున పైకొస్తే మనిషి మిగలడు. అందుకే ఓడ మీద ఇనుప గదిలో, ఆ లోతులో ఉండే ఒత్తిడిలోనే మమ్మల్ని ఉంచుతారు. పని అయ్యాక రోజుల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తారు."

మామూలు గాలి ఆ లోతులో పీలిస్తే కల్లు తాగినట్టు మత్తెక్కుతుందట. అందుకని హీలియం అనే గ్యాసులో కాస్త ఆక్సిజన్ కలిపి ఇస్తారట. హీలియం అంటే తిరనాళ్ళలో పైకెగిరే బుడగల్లో నింపేదే.

"బుడగల గాలి పీల్చి బతుకుతావంట్రా?" అన్నాను.

"బతుకుతాం గానీ గొంతే మారిపోద్దమ్మా," అని నవ్వాడు.

నిజంగానే మారిపోయింది. గదిలోంచి ఫోన్ చేస్తే బాతు అరిచినట్టుండేది. గొంతు సరిచేసే మిషనొకటి మధ్యలో పెడతారట. అది పెట్టినా మాట తెలిసేది గానీ మనిషి తెలిసేవాడు కాడు. నేనూ కోడలూ అలవాటు పడ్డాం. వాడి కూతురు చిట్టి మాత్రం పడలేదు. దానికి ఐదేళ్ళు. "మా నాన్న కాదు, బాతు," అని ఏడ్చి ఫోన్ విసిరేసేది. వాడు అటునుంచి "చిట్టీ, నేనే తల్లీ," అంటుంటే ఇంకా ఎక్కువ ఏడ్చేది. వాడు లోపలున్నన్నాళ్ళూ ఆ పిల్ల ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

ఆ రోజు మధ్యాహ్నం కోడలు బాపట్లలో రొయ్యల షెడ్డుకు పనికి వెళ్ళింది. నేను వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తున్నాను. ఫోన్ మోగింది. చిట్టి తీసింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. "నాన్నా, నాన్నా," అంటూ పిల్లిపిల్ల గురించీ, ఊడిన పన్ను గురించీ చెబుతూనే ఉంది.

చేతులు కడుక్కుని ఫోన్ తీసుకున్నాను.

"అమ్మా, చిట్టి నాతో మాట్లాడిందే," అన్నాడు. వాడి సొంత గొంతు. జలుబు చేసినట్టు కాస్త బొంగురుగా, ఎప్పుడూ ఉండేట్టే.

"బయటికొచ్చేశావంట్రా?"

"ఇంకా లేదమ్మా. మెల్లగా తెస్తున్నారు."

అన్నం తిన్నావా అంటే ఆకలి లేదన్నాడు. వేళకు తినకపోతే ఒళ్ళు పాడవుద్దని కేకలేశాను. అలాగేనమ్మా అన్నాడు. అంతే.

పొద్దువాలుతుండగా కంపెనీ నుంచి ఒక తెలుగాయన ఫోన్ చేశాడు. ఆ తెల్లవారుజామున శ్రీను నిద్రలోనే గుండె ఆగి పోయాడన్నాడు.

"మధ్యాహ్నం మాట్లాడాడు బాబూ. ఎవరో అనుకుని మాకు చేశారు," అన్నాను. ఆయన శ్రీను పేరు, ఊరు, చేతి మీద పచ్చబొట్టు చెప్పాడు.

శవాన్ని కూడా ఒక్కసారిగా బయటికి తేలేరట. ఒంట్లో కరిగిన గ్యాసు పొంగితే చూసేందుకు మిగలడన్నాడు. అందుకని చచ్చిపోయిన నా బిడ్డను పక్కన చిన్న గదిలో పెట్టి, బతికున్నవాడిని తెచ్చినట్టే మెల్లగా తెచ్చారు. అన్ని రోజులూ నా కోడలు మెడలో తాడు తియ్యనివ్వలేదు. చూడనిదే నమ్మనంది. చివరికి గన్నవరం నుంచి తెనాలి మీదుగా వ్యాన్లో వచ్చాడు. ముఖం ఏమీ చెడలేదు.

దినం అయ్యాక ప్రసాద్ అనే అబ్బాయి వచ్చాడు. బాపట్ల వాడే, అదే గదిలో మావాడితో ఉన్నవాడు. ఫోన్ సంగతి అడిగాను.

"ఆ పూట గదిలోంచి ఎవరమూ ఫోన్ చెయ్యలేదు పిన్నీ. అప్పటికే వాణ్ణి పక్క గదిలోకి మార్చాం," అన్నాడు. తర్వాత, "ఏ గొంతుతో మాట్లాడాడు?" అని అడిగాడు.

వాడి గొంతుతోనే అన్నాను.

ప్రసాద్ కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "బతికున్నవాడికే ఆ గాలిలో సొంత గొంతు రాదు పిన్నీ. వాడు పాప కోసం ఎంత కష్టపడ్డాడో! పడుకునేముందు గొంతు లావు చేసి 'చిట్టీ, చిట్టీ' అని పలికి చూసుకునేవాడు. ఒరేయ్ బాతూ, మళ్ళీ మొదలెట్టావా అని మేం నవ్వేవాళ్ళం. ఆఖరి రాత్రి కూడా అన్నాడు."

కోడలు ఫోన్లో వెతికింది. ఆ మధ్యాహ్నం కాల్ వచ్చినట్టు అందులో లేదు. చిట్టి మీటలు నొక్కి చెరిపేసి ఉండొచ్చు. ఎండలో కూర్చుని నేనే ఏదో విన్నాననుకుందాం. మరి పిల్ల ఏం విన్నట్టు? ఎంత ఆలోచించినా నాకు తెగలేదు. భూతవైద్యుణ్ణి పిలుస్తామన్నారు, గుమ్మం ఎక్కనివ్వలేదు. వచ్చింది నా కొడుకు. వాణ్ణి తోలెయ్యడానికి వైద్యుడెందుకు?

నాన్న పొద్దున్నే పోయాడని ఎవరన్నా చిట్టి ఒప్పుకోదు. "లేదు, మధ్యాహ్నం నాతో మాట్లాడాడు," అంటుంది. ఇంట్లో అబద్ధం ఆడితే ఊరుకునే మనిషిని కాను, పేటంతా ఎరుగుదురు. అందరూ నా ముఖం చూస్తారు, పిల్లను గదమాయిస్తానేమోనని.

"అవును, మాట్లాడాడు," అంటాను.